వంగలేదండీ, ఒదిగింది

ఫోన్లో ఆయన నంబరును ‘కోడూరు జీపు’ అని పెట్టుకున్నాను. ఆ పేరు కనపడితే చాలు, చేతిలో ఉన్న స్పానరు పక్కన పెట్టి ఒక నిట్టూర్పు విడిచేవాణ్ణి. మొన్న వానలు పట్టిన రోజుల్లో పొద్దున్నే మోగింది. అప్పటికే ఒక ట్రాక్టరు గేరుబాక్సు విప్పుకుని కూర్చున్నాను. చేతుల నిండా గ్రీజు. ఎలాగో ఫోను చెవికి ఆనించుకుని, అవతలి గొంతు వినకుండానే, “ఈసారి ఎవర్ని లాగారు బాబాయి గారూ?” అన్నాను.

 అవతల వినపడింది ఆయన గొంతు కాదు, ఆయన భార్యది.

“మీ బాబాయి గారు పోయారు నాయనా. తెల్లవారుజామున. నిద్రలోనే.”

నేనేమన్నానో గుర్తులేదు. ఏదో అని పెట్టేశాను. ఆ తర్వాత నాకు ముందుగా వచ్చింది ఏడుపు కాదు, కోపం. ఆయనకీ నాకూ మధ్య తేలాల్సిన సంగతి ఒకటి మిగిలిపోయింది. ఎన్నో ఏళ్లుగా ఆయన నోటి నుంచి ఒక్క ముక్క చెప్పించాలని చూశాను. జీపు ఛాసీ వంగిందని ఒప్పుకోమన్నాను, అంతే. ఒప్పుకోకుండా వెళ్లిపోయారు.

ఆయన నాకు బంధువు కాదు. నేను బందరులో పాత జీపులకీ ట్రాక్టర్లకీ షెడ్డు నడుపుకునేవాణ్ణి, ఆయన కోడూరు దగ్గర పల్లెలో రైతు. పొలమంతా చేపల చెరువులకి కౌలుకి ఇచ్చేసి, ఇంటి ముందు ఒక్క మడి మాత్రం తిండిగింజల కోసం ఉంచుకున్నారు. మొదటిసారి వచ్చినప్పుడు వయసు చూసి బాబాయి గారూ అని పిలిచాను. ఆ పిలుపు పట్టుకుని బాబాయికి ఉండే హక్కులన్నీ ఆయన తీసేసుకున్నారు. నా షెడ్డులో నా కుర్చీలో కూర్చోవడం, నా పనివాళ్లకి పనులు పురమాయించడం, నేను బేరమాడుతుంటే మధ్యలో వచ్చి అవతలివాడి తరఫున మాట్లాడడం. వచ్చినప్పుడల్లా ఒక చక్కెరకేళీ అరటిపళ్ల అత్తం తెచ్చేవారు. “మీకోసమేనండీ” అని నా పనిముట్ల పెట్టె మీద పెట్టేవారు. ఆ తర్వాత వాదన మొదలయ్యేది. వాదన సాగినంతసేపూ ఒక్కొక్క పండే తుంచుకుని తినేవారు. చివరికి నాకు ఒక పండూ, పెట్టె నిండా తొక్కలూ మిగిలేవి.

ఆయన జీపు మొదటిసారి మా షెడ్డులోకి వచ్చిన తీరు ఇప్పటికీ కళ్ల ముందుంది. రోడ్డు మీద నుంచి తిన్నగా రావాల్సిన బండి పీత నడిచినట్టు పక్కవాటుగా వచ్చింది. ముందు చక్రాలది ఒక దారి, వెనక చక్రాలది ఇంకొక దారి. ఎడమపక్కకి ఒరిగి ఉంది. ఆయన మాత్రం ఎడమ తుంటి కింద ఒక తుండు మడిచి పెట్టుకుని, తాను నిటారుగా కూర్చుని, స్టీరింగును కుడివైపుకి బిగబట్టి, చాలా హాయిగా నడుపుతున్నారు. దిగి, “హారన్ సరిగ్గా మోగడం లేదండీ, కాస్త చూడండి” అన్నారు.

నేను హారన్ చూడలేదు, కింద దూరి చూశాను. జీపుకి అడుగున నిచ్చెనలాంటిది ఒకటి ఉంటుంది. రెండు పొడుగాటి ఇనప చానళ్లు, వాటి మధ్య అడ్డ చానళ్లు. దాన్నే ఛాసీ అంటాం. ఇంజనూ, బాడీ, చక్రాలూ అన్నీ దాన్ని పట్టుకునే ఉంటాయి. ఆయన జీపుకి ఆ నిచ్చెన మెలితిరిగి ఉంది. వెనక ఎడమ మూలని ఎవరో పట్టుకుని ఏళ్లతరబడి లాగినట్టుంది. బయటికొచ్చి, ఛాసీ వంగిపోయింది బాబాయి గారూ, మార్చాలి అని చెప్పాను.

ఆయన నావైపు జాలిగా చూశారు. “వంగలేదండీ. కాస్త ఒదిగింది, అంతే” అన్నారు.

ఈ మాట నేను తర్వాత ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు.

ఎలా ఒదిగిందో మెల్లమెల్లగా తెలిసింది. వానాకాలం వస్తే ఆ పల్లెల్లో మట్టిదారులన్నీ పాయసంలా అయిపోయేవి. చేపల లోడు వ్యానో, ఐసు తెచ్చే ఆటోనో, పెళ్లివారి కారో ఏదో ఒకటి దిగబడేది. దిగబడగానే ఈయనకి ఫోను. ఈయన జీపేసుకుని వెళ్లి, వెనక ఎడమ మూలకి గొలుసు తగిలించి బయటికి లాగేవారు. కుడివైపు కొక్కెం ఎప్పుడో ఊడిపోయింది, అందుకని ఎప్పుడూ ఎడమ మూలకే. జీపు మోయగలిగిందేదో మోయలేనిదేదో ఆయనకి పట్టదు. తనకంటే రెండింతలు బరువున్న లారీకి కూడా గొలుసు వేసేవారు. లాగకండి మహానుభావా, లాగితే కుడివైపు కొక్కెం వేయించుకుని రెండువైపులా సమంగా లాగండి అని నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పేవాణ్ణి. కొత్త కొక్కెం నేనే వేశాను. అది తుప్పు పట్టిందే కానీ ఒక్కసారి గొలుసు మొహం చూడలేదు. ఎందుకంటే ఎడమవైపు అలవాటట. పైగా లాగాను అని ఎన్నడూ అనేవారు కాదు. ఎవరో పిలిస్తే చెయ్యందించాను అనేవారు.

మొదటిసారి ఛాసీ మార్చడానికి ససేమిరా అన్నారు. పోనీ సాపు చేయడానికైనా ఒప్పుకోమంటే, వంగనిదాన్ని సాపు ఎలా చేస్తారని అడిగారు. నాకు ఒళ్లు మండింది. బాడీ ఎత్తి పక్కన పెట్టించి, ఛాసీని ఒక్కదాన్నే నాలుగు స్టాండ్ల మీద పెట్టించాను. మూడు మూలలు ఆనాయి, వెనక ఎడమ మూల గాల్లో నిలబడింది. ఆ సందులోకి నా అరచెయ్యి దూర్చి చూపించాను. చెయ్యి సునాయాసంగా దూరింది.

ఆయన వంగి చూశారు. నా చెయ్యి చూశారు. తర్వాత నేలవంక చూశారు. “మీ గచ్చు వంకరగా ఉందండీ” అన్నారు.

ఆ గచ్చు నేను దగ్గరుండి పోయించుకున్నది. రసమట్టం పెట్టి చూపించాను. రసమట్టం మనిషి చేసింది, మనిషి చేసిందాన్ని నమ్మలేం, నీళ్లని నమ్మాలి అన్నారు. మా వైపు మడి చదును చేసేటప్పుడు నీళ్లు పెట్టే చూస్తారు. నీళ్లు ఎక్కడ నిలిస్తే అక్కడ పల్లం, ఎక్కడ మట్టి తేలితే అక్కడ మెరక. అది అందరికీ తెలిసిందే. కానీ జీపు ఛాసీని వరి మడిలో పెట్టి చూడాలన్న ఆలోచన ఈ భూమ్మీద ఆయనొక్కరికే వచ్చి ఉంటుంది. నేను భోజనానికి ఇంటికి వెళ్లివచ్చేసరికి ఛాసీ లేదు. మినీ లారీ మాట్లాడి ఎక్కించుకుపోయారు. మర్నాడు నన్ను కూడా రమ్మని కబురు. సాక్షిగా.

వెళ్లాను. వెళ్లకపోతే ఏ తీర్పు చెప్పి పంపిస్తారోనని భయం. బందరు నుంచి చల్లపల్లి, అవనిగడ్డ మీదుగా కోడూరు చేరి, అక్కడి నుంచి ఆటో దొరక్క నడిచి ఆ పల్లెకి వెళ్లేసరికి నా సహనం సగం అయిపోయింది. ఇంటి ముందు మడి దమ్ము చేసి నాట్లకి సిద్ధంగా ఉంది. పలచగా నీళ్లు నిలిచి ఉన్నాయి. అందులో నాలుగు రాళ్లు, ఒక్కొక్కటీ సరిగ్గా నీటి అంచుకి సమంగా పాతించారు. ఆ పని మాత్రం ఎంత శ్రద్ధగా చేశారో చెప్పక తప్పదు. గట్టు మీద ఊరంతా ఉంది. మోకాళ్లలోతు బురదలో దిగి, పదిమందీ పట్టి ఛాసీని ఆ రాళ్ల మీద దించారు.

నేను చూస్తూనే ఉన్నాను. బరువు ఎక్కువగా పడ్డ రెండు మూలల కిందా రాళ్లు నిదానంగా బురదలోకి దిగాయి. దిగి దిగి, గాల్లో ఉన్న ఎడమ మూల కూడా తన రాయి మీద ఆనేదాకా దిగాయి. దమ్ము చేసిన మట్టి కదా, ఏ బరువు ఎంత అడిగితే అంతా ఇస్తుంది. ఇప్పుడు ఛాసీ నాలుగు రాళ్ల మీదా చక్కగా కూర్చుంది. గట్టు మీద వాళ్లంతా సంతోషించారు.

“చూశారా మేస్త్రి గారూ” అన్నారాయన బురదలో నిలబడే.

రాళ్లు దిగిపోయాయి బాబాయి గారూ అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. రాళ్లు దిగలేదు, పైన కాలవ వదిలారు, మడిలో నీళ్లు పెరిగాయి, అందుకని రాళ్లు మునిగినట్టు కనపడుతున్నాయి అన్నారు. నాలుగింట్లో రెండే ఎలా మునిగాయని అడిగాను. ఆ ప్రశ్న గట్టు మీద ఎవరికీ నచ్చలేదు. ఊళ్లో పెద్దమనిషి మాట మీద బందరు నుంచి వచ్చినవాడు తగువుకి దిగడమేమిటన్నట్టు చూశారు. వాళ్లలో ఈయన లాగి బయటపడేయని బండి ఉన్నవాడు ఒక్కడూ లేడని నాకు తర్వాత తెలిసింది.

ఆ పూట పిన్నిగారు, అంటే ఆయన భార్య, నా కాళ్లు కడుక్కోవడానికి నీళ్లిచ్చి అన్నం పెట్టారు. నా ముఖం చూసి ఏమనుకున్నారో, “ఆయన అంతే నాయనా. నాతో పెళ్లైనప్పటి నుంచి ఒక్క మాట ఓడిపోలేదు” అన్నారు, పప్పులో నెయ్యి వేస్తూ. ఆయన పక్కనే కూర్చుని ఆ మాట తన గురించి కానట్టు తింటున్నారు. చివరికి చెయ్యి కడుక్కుంటూ, పోనీ మీ తృప్తి కోసం సాపు చేసుకోండి అని నాకు వరమిచ్చారు. ఎండలో ఇంత దూరం వచ్చానని జాలిపడ్డారు కాబోలు.

అలా నా తృప్తి కోసం ఆ ఛాసీని సాపు చేశాను. ఇంకోసారి వానలు పడగానే మళ్లీ పీతలా నడుచుకుంటూ వచ్చింది. మళ్లీ చేశాను. ఆ మరుసటి వానలకి మళ్లీ వచ్చింది. మూల నుంచి మూలకి దారం పట్టి కొలవడం, గ్యాసుతో ఎర్రగా కాల్చడం, గొలుసులు కట్టి జాకీలతో నెట్టడం, ఆయన చక్కెరకేళీలు తింటూ పక్కన కూర్చుని “ఎక్కువ లాగకండి, దానికి నొప్పెడుతుంది” అనడం. ఇనుము ఎన్నిసార్లని కాలుస్తాం. కాల్చిన ప్రతిసారీ దాని బలం కొంత పోతుంది. ఆ సంగతి చెబితే ఆయన నా భుజం తట్టి, కంగారేముందండీ అనేవారు. కంగారంతా నాదే. ఆయనకి ఏనాడూ లేదు.

ఒక ఏడాది ఎడమ చానలు మీద పగులు కనపడింది. వెనక చక్రం కమాను పట్టీలు బిగించే చోట, సన్నగా, వెంట్రుకంత. అడుగు దాకా పాకింది. పైన ఇనప పట్టీ వేసి అతికాను కానీ, అది నిలవదని నాకు తెలుసు. అప్పటికి నేను వాళ్ల ఊరు వెళ్లివచ్చాను కదా. పొద్దున్నే ఆ జీపు వెనక ఎవరెవరు ఎక్కుతారో చూశాను. సముద్రం ఒడ్డు పల్లె నుంచి చేపల గంపలతో ఆడవాళ్లు వచ్చి కరకట్ట మీద నిలబడితే, ఈయన అందర్నీ ఎక్కించుకుని కోడూరు సెంటర్లో దించి వస్తారు. బండి ఎడమకి ఒరుగుతుందని వాళ్లంతా అలవాటుగా కుడివైపే కూర్చునేవారు. గంపలు కూడా కుడివైపే. ఆ పగులు విచ్చుకుని కరకట్ట మీద జీపు నడిమికి విరిగితే అందరూ గంపలతో సహా కాలవలో ఉంటారు. ఆ బొమ్మ నా కళ్ల ముందు నుంచి పోయేది కాదు.

ఆ రోజు జీపు ఇవ్వనన్నాను. స్టీరింగు ఊడదీసి నా గదిలో పెట్టి తాళం వేశాను. ఛాసీ మారిస్తేనే బండి బయటికెళ్తుందన్నాను. ఆయన వాదనకి దిగకుండా వెళ్లి కుర్చీలో కూర్చున్నారు.  నాకే ఉండబట్టక, ఆ చేపల ఆడవాళ్ల మాట ఎత్తాను. వాళ్లకేమైనా అయితే మీరు బతకగలరా అని కాస్త గట్టిగానే అడిగాను.

“మార్చడానికి ఎన్నాళ్లు పడుతుందండీ?” అన్నారు.

ఛాసీ దొరకాలి, బాడీ ఎక్కించాలి, కాగితాలు మార్పించాలి, ఈ వానాకాలం మీద ఆశ వదులుకోండి అన్నాను.

“అదేనండీ. ఒక వానాకాలం నేను లేకపోతే వాళ్లు ఇంకొకళ్లని చూసుకుంటారు. మా ఇంట్లో ఎవరి పని వాళ్లు చేసుకుంటున్నారు, నాతో ఎవరికీ అవసరం లేదు. పొలం చెరువులకి పోయింది. దిగబడితేనే కదండీ నాకు ఫోను చేసేది.”

ఇది చెప్పి, తానేదో తప్పు మాట్లాడినట్టు చక్కెరకేళీ ఒకటి తుంచి నా చేతిలో పెట్టారు.  ఆ మాట విన్నాక కూడా నేను స్టీరింగు ఇవ్వలేదు. ఇస్తే తప్పు. ఇప్పటికీ ఆ సంగతిలో నాకు అనుమానం లేదు. కానీ ఆ పండు తినలేక పనిముట్ల పెట్టె మీద పెట్టేశాను.

చివరికి మార్చడానికి ఒప్పుకున్నారు, వంగిందని మాత్రం కాదు. ఒప్పుకున్నాక నన్ను సుఖంగా ఉండనిచ్చారనుకుంటే పొరపాటే. గుడివాడలో పాత జీపులు విప్పి సామాను అమ్మే ఆసామి ఒకడున్నాడు. మంచి ఛాసీలు రెండు మూడు ఉన్నాయన్నాడు. నేను వెళ్లి తెస్తానంటే ఆయన వినలేదు, తనూ వచ్చారు. అక్కడ ఒక్కొక్క ఛాసీ చుట్టూ తిరిగి వేలి కణుపుతో కొట్టి చెవి ఆనించారు. ఇది ఏ ఊళ్లో తిరిగింది అని ఆసామిని అడిగారు. వాడు ఆదిలాబాదో ఏదో చెప్పాడు. “మెట్టలో తిరిగిందండీ. దీనికి మన బురద తెలియదు” అని పక్కకి నెట్టేశారు. కారు కొంటే ఊరు అడుగుతారు, పెళ్లి సంబంధానికి ఊరు అడుగుతారు, ఇనుముకి ఊరేమిటి బాబాయి గారూ అని నేను తల పట్టుకున్నాను. ఆసామి మాత్రం సరదాపడి కూల్‌డ్రింకు తెప్పించాడు. చివరికి మూలన పడున్న ఒక ఛాసీ లోపల ఎండి గట్టిపడిన నల్లరేగడి పెళ్లలు కనపడ్డాయి. ఆయన గోటితో గీకి, నలిపి, వాసన చూశారు. ఇది మనదేనండీ అన్నారు. అదృష్టం కొద్దీ అది నిజంగానే తిన్నగా ఉంది. లేకపోతే ఆ మట్టి కోసం ఇంకొక వంకరది కొనిపించేవారు.

పాత ఛాసీ తనకే కావాలన్నారు. తుక్కుకి వేద్దామంటే వద్దన్నారు. ఏం చేసుకుంటారని అడిగితే ఉంచుకుంటానన్నారు. మళ్లీ బిగించుకుంటారేమోనని నాకు అనుమానం. కొత్తదానికి బోల్టులు బిగించి, ఊడదీయాలంటే నా దగ్గరికే రావాలన్నట్టు వెల్డింగు చుక్కలు కూడా వేశాను.

వానలు వెనకబట్టాక జీపు తీసుకెళ్లారు. నెల తిరగకుండానే వచ్చేశారు. బండి పాడుచేశారండీ, కుడివైపుకి లాగేస్తోంది అని ఫిర్యాదు. నేను ఎక్కి బైపాసు మీద నడిపాను. స్టీరింగు వదిలేసినా గీత గీసినట్టు వెళ్తోంది. ఆయన్ని నడపమన్నాను. నిజంగానే కుడివైపు కాలవకేసి పోయింది. ఏళ్లతరబడి ఒరిగిన బండిని కుడికి బిగబట్టి బిగబట్టి ఆ చేతులకి అదే అలవాటైపోయింది. పైగా ఆ తుండు ఇంకా ఎడమ తుంటి కిందే ఉంది. వంకర బండిలో తిన్నగా కూర్చునే మనిషి తిన్నటి బండిలో వంకరగా కూర్చున్నారు. లాగుతోంది బండి కాదు, మీరు అన్నాను.

ఆయన ఆలోచించారు. “పోనీ మళ్లీ కొంచెం ఒదిగించండి” అన్నారు.

రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాను. ఆ తుండు తీసి ఆయన భుజం మీద వేశాను. ఇలా అలవాటు చేసుకోండి, వారంలో సర్దుకుంటుంది, నన్ను వదిలేయండి అన్నాను. ఆయన వాదించలేదు. వెళ్తూ వెళ్తూ, మా ఊరికి సిమెంటు రోడ్డు పడిందండీ అన్నారు. మంచిదే కదా అన్నాను. మంచిదేనండీ, ఎవరూ దిగబడట్లేదు అన్నారు. చేపల ఆడవాళ్లకి కూడా ఆటోలు వస్తున్నాయట. ఆయన వెళ్లాక చూస్తే చక్కెరకేళీ అత్తం పెట్టె మీద అలాగే ఉంది. ఒక్క పండూ తుంచలేదు.

ఆ తర్వాత కూడా ఫోను చేసేవారు. బ్రేకు కీచుమంటోందనీ, అద్దం వణుకుతోందనీ. తీసుకురమ్మంటే, అంత కంగారేముందండీ అనేవారు. పని మధ్యలో అడ్డమని, ఈసారి ఎవర్ని లాగారని అలవాటుగా విసుక్కుంటూనే మాట్లాడేవాణ్ణి. విసుక్కోకుండా ఆయనతో మాట్లాడడం నాకు చేతకాదు.

పెద్దకర్మ రోజున వాళ్ల ఊరెళ్లాను. కోడూరు నుంచి ఆటో ఆ సిమెంటు రోడ్డు మీద హాయిగా తీసుకెళ్లి, ఇంటికి ఇవతల, మురుగు కాలవకి ఈ పక్కన దించింది. ఇదివరకు ఆ కాలవ దాటాలంటే కింద తూము దాకా వెళ్లి చుట్టు తిరిగి రావాల్సివచ్చేది. ఇప్పుడు ఎదురుగా వంతెన ఉంది. సన్నటిది, తాటిపలకలు పరిచినది, మనుషులు నడిచేది. ఎక్కబోతూ కిందికి చూసి ఆగిపోయాను. పలకల కింద ఉన్నది ఇనప నిచ్చెన. ఎడమ చానలు మీద నేను అతికిన పట్టీ ఉంది. నా వెల్డింగు నాకు తెలియకుండా పోతుందా.

కర్మకి వచ్చినవాణ్ణి, తెల్లబట్టల్లో ఉన్నాను. అయినా ఆగలేకపోయాను. చెప్పులు విడిచి గట్టు దిగాను. రెండు గట్ల మీదా గట్టిగా సిమెంటు దిమ్మెలు కట్టించారు. ఈసారి బురద కాదు. దిమ్మెల మీద మెలితిరిగిన ఛాసీని పెడితే ఏమవుతుందో నాకు బాగా తెలుసు. వెనక ఎడమ మూల గాల్లో ఉండాలి, ఎవరు కాలు పెట్టినా వంతెన టకటకా ఊగాలి. అలవాటు కొద్దీ ఆ మూల కింద అరచెయ్యి దూర్చబోయాను. దూరలేదు. అక్కడ ఒక తాటిచెక్క ఉంది. ఒక పక్క మందంగా, ఇంకో పక్క పల్చగా చెక్కి, ఆ సందుకి సరిగ్గా సరిపోయేట్టు దూర్చారు. గోరు పెట్టి చూశాను. గోరు కూడా దూరలేదు.

తలెత్తేసరికి అవతలి గట్టు మీద పిన్నిగారు నిలబడి ఉన్నారు. బట్టలకి మట్టి అవుతుంది, పైకి రా నాయనా అన్నారు. పైకెక్కి, వంతెన దాటి ఆవిడ దగ్గరికి వెళ్లి, ఆ చెక్క ఎవరు పెట్టారు పిన్నిగారూ అని అడిగాను.

“ఆయనే. పొద్దంతా కూర్చుని చెక్కారు. పెట్టడం, తీయడం, మళ్లీ చెక్కడం. ఇదెందుకండీ అని అడిగితే, అటువైపు వంగింది కదే, మేస్త్రి మొదటి రోజే చెప్పాడు అన్నారు.”

ఎంత మామూలుగా చెప్పారంటే, అది వాళ్లింట్లో ఎప్పటి నుంచో అందరికీ తెలిసిన సంగతిలా చెప్పారు.  ఆ మాట వినడానికి నేను బందరు నుంచి వచ్చి మోకాళ్లలోతు బురదలో నిలబడ్డాను. స్టీరింగు దాచాను. గుడివాడంతా తిరిగాను. ఇన్నేళ్లలో ఒక్కసారి, ఒక్క ఫోనులో, బ్రేకు సంగతితో పాటు ఆ ముక్క కూడా చెబితే ఆయన సొమ్మేం పోయింది? అంత కోపంలోనూ కళ్లలో నీళ్లు తిరిగాయి. పిన్నిగారి ముందు తుడుచుకోవడానికి జేబులో రుమాలు కూడా లేదు.

ఈలోగా రోడ్డు వైపు ఒక ఆటో ఆగింది. చేపల గంప చేత్తో పట్టుకుని ఒకావిడ వంతెన మొదట్లో నిలబడి, మేమిద్దరం దారి విడుస్తామని చూస్తోంది. పక్కకి జరిగాం. ఆవిడ వెనకే ఇంకొకావిడ, ఆ వెనక ఇంకొకావిడ. ఎవరూ కిందికి చూడలేదు, ఎవరూ కుడివైపుకి ఒరగలేదు. ఖాళీ గంపలు ఊపుకుంటూ, ఏదో మాట్లాడుకుంటూ, మధ్యలో నుంచి నడిచి వెళ్లిపోయారు.

ఆఖరావిడ దాటేదాకా నేను ఆ మూలవంకే చూస్తూ ఉన్నాను. అది కొంచెం కూడా కదల్లేదు.